నొప్పన్నా ఆగకూడదు

"చాలన్నా, చాలు!" అని అరిచాడు. ఖమ్మం కుర్రాడు, డాలస్‌లో మా పై అంతస్తులోనే ఉంటాడు. వాడి తొడకి రక్తం ఆపే టోర్నికే పట్టీ బిగించి దాని కడ్డీని మెలితిప్పుతున్నాను. రెండు మెలికలు పడేసరికి వాడి మొహం చూశాను. నా వేళ్లు సడలిపోయాయి. నేర్పుతున్నాయన ఒకప్పటి ఆర్మీ మెడిక్. వంగి వాడి పాదం మీద నాడి చూశాడు. "ఇంకా కొట్టుకుంటోంది, అంటే రక్తం పోతూనే ఉంది. మీవాడు చనిపోయాడు" అన్నాడు, బస్సు వెళ్లిపోయిందని చెప్పినంత మామూలుగా.

2023 మేలో మా పక్కనున్న ఆలెన్ మాల్‌లో కాల్పులు జరిగి 8 మంది పోయారు. అందులో ఒక తెలుగు ప్రాణం కూడా ఉంది. ఈ రెండు రోజుల యుద్ధరంగ ప్రథమ చికిత్స క్లాసులో చేరడానికి అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు మాకు.

చిన్నప్పుడు మోకాలు గీరుకుపోతే అమ్మ ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ టించర్ రాసేది. నేను కెవ్వుమంటే ఆగేది. దయంటే నాకు తెలిసింది అదే, ఎదుటివాడు అబ్బా అంటే చెయ్యి ఆగిపోవడం. (అమ్మది తప్పనను, మోకాలి దోకుడు ఎవరి ప్రాణమూ తియ్యదు.) కానీ ఇక్కడ నేను ఆపింది వాడి నొప్పినా, అది చూడలేని నా అవస్థనా? వాడి కాలి ఊసే నాకు గుర్తులేదు. నా మనసు తేలికపడాలని పట్టు వదిలేశాను.

పట్టీ కడితే కాలు పోతుందన్న భయంతో చాలాకాలం సైన్యాలూ దాన్ని ఆఖరి ఉపాయంగానే ఉంచాయి. కాళ్లూ చేతుల నుంచి రక్తం పోయినందుకే వియత్నాంలో 2,500 మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారని ఒక అంచనా. 1996లో అమెరికా సైనిక వైద్యులు కొందరు రాసిన వ్యాసం ఆ పద్ధతిని తిరగేసింది. ఇప్పుడు నేర్పేది ఇలా: తూటాలు వస్తున్నప్పుడు ముందు ఎదురుకాల్పులు, చాటు. ఆ తర్వాత బట్టల మీదుగానే, వీలైనంత పైన, పట్టీ. మిగతా వైద్యమంతా తరవాత. పడిపోయినవాడి దగ్గరికి వెంటనే పరిగెత్తకూడదన్నది నాకు ఓ పట్టాన మింగుడుపడలేదు.

ఇంకో నియమం ఉంది. గాయపడినవాడికి వాడి పట్టీయే వాడాలి, నీది కాదు. నీది నీకు కావాల్సి రావచ్చు. అంటే ప్రతివాడూ మోసేది, ఇంకొకరు తనకి కట్టడానికి.

రెండోసారి, "మొహం వద్దు, పాదం చూడండి" అన్నాడాయన. ఒక చేత్తో కడ్డీ తిప్పుతూ, రెండో చేతి వేళ్లు పాదం మీద ఆనించాను. కుర్రాడు తెలుగులో నన్ను నానా మాటలూ అంటున్నాడు. నాడి సన్నబడింది, ఒకసారి తడబడింది, మాయమైంది. కడ్డీని కొక్కెంలో దించి, పట్టీ మీద మార్కరుతో టైము రాశాను, 3:42. వెంటనే విప్పేస్తే తొడ చుట్టూ ఎర్రగా వాత తేలింది.

నా పట్టీ ఇప్పుడు కారు డోర్‌లో ఉంటుంది. తిప్పే చెయ్యి ఎవరిదో తెలియదు. ఆ మనిషి నా అరుపులు చెవిన పెట్టనివాడైతే బాగుండును.