జంట ఆటలో కర్మఫలం ఎవరిది?

గోల్ఫ్ ప్రపంచకప్ దేశానికి ఇద్దరు చొప్పున వృత్తి ఆటగాళ్లు జంటగా ఆడే పోటీ. 1953లో మాంట్రియల్ దగ్గరి బీకన్స్‌ఫీల్డ్ క్లబ్‌లో ఏడు దేశాల జంటలతో ఇది మొదలైంది. అప్పటి పేరు కెనడా కప్. ఆటతో దేశాల మధ్య స్నేహం పెరుగుతుందని నమ్మిన అమెరికా పారిశ్రామికవేత్త జాన్ జే హాప్కిన్స్ దీనికి ఆద్యుడు. మొదటి కప్పును అర్జెంటీనాకు చెందిన రాబర్టో డి విసెంజో, ఆంటోనియో సెర్దా గెలుచుకున్నారు. 1967 నుంచి ప్రపంచకప్ అన్న పేరు స్థిరపడింది. 2000 తర్వాతి దశాబ్దంలో భారత్ తరఫున జీవ్ మిల్ఖా సింగ్, జ్యోతి రంధావా జంటగా ఆడారు. 2018లో మెల్‌బోర్న్‌లో జరిగిన పోటీలో బెల్జియం జంట గెలిచింది.

ఈ కప్పులో ఇద్దరి ఆటనూ కలిపి లెక్కించిన తీరు అన్నివేళలా ఒకటి కాదు. చాలా దశాబ్దాలపాటు ఎవరి బంతి వారు ఆడుకునేవారు, చివరికి ఇద్దరి స్కోర్లూ కూడేవారు. 2000 నుంచి రెండు వేరే పద్ధతులు వచ్చాయి. ఫోర్‌బాల్‌లో ఇద్దరికీ చెరో బంతి ఉంటుంది, ప్రతి హోల్‌లో మెరుగైన స్కోరే జంట ఖాతాలో పడుతుంది. ఒకరి పొరపాటును రెండోవారి మంచి ఆట కప్పేస్తుంది. ఫోర్‌సమ్స్‌లో అలా కుదరదు. అక్కడ జంట మొత్తానికి ఒకటే బంతి. ఒకరు కొట్టాక రెండోవారు, మళ్లీ మొదటివారు, బంతి గుంతలో పడేదాకా వంతులవారీగా ఆడాలి.

తత్త్వవిచారానికి పనికొచ్చేది ఈ ఫోర్‌సమ్సే. మొదటి ఆటగాడు టీ మీద నుంచి కొట్టిన బంతి దారి తప్పి చెట్ల కింద ఎండుటాకుల్లో పడిందనుకుంటే, అక్కడికి నడిచి వెళ్లి వంగి కొట్టవలసింది అతను కాదు, అతని జోడీ. తప్పు ఒకరి చేతిది, నడుము వంచేది ఇంకొకరు. దానికి తోడు ఇంకో నియమం ఉంది. పెనాల్టీ స్ట్రోకులు వంతును మార్చవు. బంతి నీళ్లలో పడితే జంటకు ఒక స్ట్రోకు పెరుగుతుంది కానీ, తర్వాతి దెబ్బ కొట్టవలసినవాడు మాత్రం ఆ తప్పు చేయనివాడే. తప్పు చేసినవాడే వెళ్లి సరిదిద్దుకునే వీలు ఆ నియమం ఇవ్వదు.

భారతీయ దర్శనాలు ఇలాంటి స్థితిని అన్యాయానికి ఉదాహరణగా చెబుతాయి. చేసిన పనికి ఫలం చేసినవాడికి దక్కకపోవడం కృతనాశం. చేయని పనికి ఫలం వచ్చి మీద పడటం అకృతాభ్యాగమం. కర్మ సిద్ధాంతం ఈ రెండు దోషాలూ లేని లోకాన్ని చూపించడానికే పుట్టిందనవచ్చు. పునర్జన్మను ఒప్పుకోవడానికి మన తార్కికులు చెప్పే కారణాల్లో ఇది ముఖ్యమైనది. ఫోర్‌సమ్స్ జంట ప్రతి హోల్‌లోనూ ఈ రెండు దోషాలనూ మోస్తుంది. అయినా ఆ ఆటలో అన్యాయం జరిగిందని ఎవరూ అనరు. అనకపోవడానికి కారణమేమిటన్నదే ప్రశ్న.

ఫలం పంచుకోవడంపై మతాలన్నీ ఒకే మాట చెప్పలేదు. జైనులు ఏకత్వ భావన అన్న ధ్యానంలో జీవుడు ఒంటరిగా పుట్టి, ఒంటరిగానే తన కర్మను అనుభవిస్తాడని పదేపదే తలచుకుంటారు. ఒకరి బరువును మరొకరు మోయరని ఖురాన్ చెబుతుంది. గలతీయులకు పౌలు రాసిన లేఖ ఆరో అధ్యాయంలో ఒకరి భారాలు ఒకరు మోయమన్న మాట, ఎవరి బరువు వారే మోసుకోవాలన్న మాట కొద్ది వాక్యాల దూరంలోనే కనిపిస్తాయి. వాల్మీకి పూర్వకథగా తెలుగు ఇళ్లలో చెప్పుకునే కథ కూడా ఈ కోవదే. దోచి తెచ్చిన సొమ్ము తిన్న భార్యాబిడ్డలు, పాపంలోనూ పాలు పంచుకోమని అతను అడిగేసరికి మాకొద్దన్నారు. మనుధర్మశాస్త్రం మాత్రం ప్రజల పుణ్యంలో ఆరోవంతు రాజుకు చేరుతుందని, వారిని కాపాడకపోతే పాపంలోనూ ఆరోవంతు అతనికే అంటుందని లెక్క కట్టింది.

పుణ్యాన్ని పంచవచ్చన్న నమ్మకానికి తెలుగు నేల మీద రాతిలో చెక్కిన సాక్ష్యం ఉంది. క్రీ.శ. 3వ శతాబ్దంలో నాగార్జునకొండలో మహాచైత్యం దగ్గర స్తంభాలు నిలిపిన ఇక్ష్వాకు రాజకుటుంబపు స్త్రీ చాంతిసిరి ఆ దానఫలాన్ని తన ఒక్కదానికే ఉంచుకోలేదు. మేనల్లుడూ అల్లుడూ అయిన వీరపురుషదత్తుడి ఆయువుకు, ఇరు కుటుంబాల మేలుకు, లోకమంతటి సుఖానికి దాన్ని ధారపోసినట్టు శాసనాలు రాయించింది. దీపంతో దీపం వెలిగిస్తే మొదటి దీపం తరగనట్టు ఇచ్చేకొద్దీ తరగని ఫలంగా బౌద్ధులు దాన్ని చూశారు.

ఉమ్మడి కర్మను అందరికంటే నిశితంగా తరచి చూసినవారు, వేదంలోని యజ్ఞవిధులను విచారించే మీమాంసకులు. యజ్ఞంలో చేతులు కదిలించేది ఋత్విజులు, ఫలం మాత్రం యజమానికి. ఋత్విజుడికి దక్షిణ ముడుతుంది, దానితో అతని లెక్క తీరిపోతుంది. సత్రం అనే యాగంలో ఈ ఏర్పాటు మారుతుంది. పదిహేడు మందికి తగ్గకుండా కలిసి చేసే దీర్ఘయాగం అది. అందులో అందరూ ఋత్విజులే, అందరూ యజమానులే, అందువల్ల దక్షిణ లేదు. మరి స్వర్గఫలాన్ని పదిహేడు భాగాలు చేయాలా? వారి మూలగ్రంథమైన జైమిని సూత్రాల ఆరో అధ్యాయం అక్కర్లేదంటుంది. ప్రతి ఒక్కరికీ ఫలం పూర్తిగా దక్కుతుంది. పొలంలో పంటనైతే పంచాలి. కలిసి చేసిన కర్మ ఫలం అలా పంచితే తరిగే సరుకు కాదు. గోల్ఫ్ ప్రపంచకప్ గెలిచిన ఇద్దరిలో ఎవరినీ సగం విజేత అనకపోవడం కూడా ఈ న్యాయమే.

సత్రం మధ్యలో ఒకరు చనిపోతే ఏం చేయాలన్న చర్చ కూడా అక్కడే ఉంది. సంఖ్య తగ్గకూడదు కాబట్టి మరొకరిని తెచ్చుకోవాలి. కానీ అలా వచ్చినవాడికి ఫలం లేదు. అతను కూచున్నది అదే చోట, చేసింది అదే పని. అతని దగ్గర లేనిది మొదట్లో అందరితో కలిసి చేసిన సంకల్పం ఒక్కటే. దీనికి ఎదురుగా, సంకల్పం చెప్పుకుని తీరా సత్రం చేయనివాడు విశ్వజిత్ యాగం చేసి ఆ రుణం తీర్చుకోవాలని విధించారు. పని చేసినా సంకల్పం లేనివాడికి ఫలం లేదు, సంకల్పం చేసినవాడికి పని మానినా విడుదల లేదు. చేతి కదలిక కన్నా ముందుగా మనసు ఒప్పుకున్న క్షణాన్నే మీమాంసకులు కర్తృత్వానికి మూలంగా పట్టుకున్నారని ఈ రెండు నిర్ణయాల వల్ల తెలుస్తుంది.

ఎండుటాకుల్లో ఉన్న బంతికి సమాధానం ఇక్కడ దొరుకుతుంది. జోడీగా ఆడతానని ఒప్పుకోవడమే ఒక కర్మ. ఆ ఒప్పుకోలులో ఎదుటివాడి మంచి దెబ్బలతోపాటు చెడ్డ దెబ్బలూ ముందుగానే చేరి ఉన్నాయి. కాబట్టి చెట్ల కింద వంగినవాడు పరాయి కర్మఫలాన్ని మోయడం లేదు, తన సంకల్పఫలాన్నే అందుకుంటున్నాడు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా అయిదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, వేర్వేరు చేష్టలు, దైవం. అధిష్ఠానమంటే అక్కడ దేహమని వ్యాఖ్యాతలు చెబుతారు. మాటను దాని వాచ్యార్థంలో, పని నిలిచే చోటు అని తీసుకుంటే, ఫోర్‌సమ్స్‌లో ఆ చోటును కర్త తానుగా ఎంచుకోడు, జోడీ ఇచ్చి వెళతాడు. జీవితంలో చాలా పనులు మొదలయ్యేది కూడా ఇంకొకరు వదిలిపెట్టిన చోటునుంచే.

సంకల్పంతో పంచుకోలేనిది ఏదైనా ఉందా అన్నది తర్వాతి ప్రశ్న. దీనికి ఒక తెలుగు కుటుంబపు బిడ్డ ఆట సాక్ష్యమిస్తుంది. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డ దంపతుల కొడుకు సాహిత్ తీగల. 2024 ఆగస్టులో అట్లాంటాలోని ఈస్ట్ లేక్‌లో టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండు ఆడుతూ, మూడో హోల్ దగ్గర ఇసుక బంకర్‌లోంచి కొట్టబోయాడు. కర్రను వెనక్కి తీసేటప్పుడు కొన్ని ఇసుక రేణువులు కదిలినట్టు అతనికి అనిపించింది. నియమం ప్రకారం అది తప్పు. అతనే అధికారికి చెప్పాడు, రెండు స్ట్రోకుల పెనాల్టీ పడింది. పోటీ ముగిసేసరికి తీగల మూడో స్థానంలో నిలిచాడు. రెండో స్థానంలో ఉన్న కాలిన్ మోరికావాకు అతను వెనకబడింది సరిగ్గా రెండు స్ట్రోకులే.

నెల తిరిగేసరికి వాళ్లిద్దరూ ఒకే జంట. సెప్టెంబరులో రాయల్ మాంట్రియల్‌లో జరిగిన ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా తరఫున మోరికావాతో కలిసి తీగల ఫోర్‌బాల్ ఆడి, ఆడమ్ స్కాట్, మిన్ వూ లీ జంట మీద ఒక హోల్ తేడాతో గెలిచాడు. మర్నాడు ఫోర్‌సమ్స్‌లో తీగల, మోరికావా జంట ఓడింది. ఆ రోజు అమెరికా జంటలన్నీ ఓడిపోయాయి, చివరికి కప్పు మాత్రం అమెరికాదే. ఓటమినీ గెలుపునూ ఆ ఇద్దరూ పంచుకున్నారు. బంకర్‌లో రేణువు కదిలిందన్న ఎరుకను మాత్రం ఏ జోడీతోనూ పంచుకోవడానికి వీలు లేదు. మన పెద్దలు అంతరాత్మ సాక్షి అన్నది ఆ ఎరుకనే. ఫోర్‌సమ్స్‌లో ఆ మాట బయటపెడితే పెనాల్టీ జంట మొత్తానికి పడుతుంది. అంటే నిజం చెప్పేవాడు తన జోడీ ఫలాన్ని కూడా ఖర్చు చేస్తాడు. అయినా చెప్పాలా అంటే, చెప్పాలనే ధర్మం. ఆట నియమాలకు లోబడి ఆడతామన్నదే ఇద్దరి సంకల్పం కాబట్టి, దాచిపెట్టడం జోడీకి మేలు చేయడం కాదు, ఉమ్మడి సంకల్పాన్ని తెంచడం.

ఇద్దరు కలిసి ఒక భారం మోసే సంగతి వికారాబాద్ జిల్లా దోమ, తాండూరు పల్లెల్లో కాడి దగ్గర కూడా కనిపిస్తుంది. రెండెడ్లలో ఒకటి బలహీనమైతే రైతు దాన్ని కొట్టి సమం చేయడు. నాగలి కట్టే చోటును కాడి మీద బలమైన ఎద్దు వైపుకు కొంచెం జరుపుతాడు. అటు కొస పొట్టిదై బరువు దానిమీద ఎక్కువ పడుతుంది, బలహీనమైన ఎద్దుకు భారం తగ్గుతుంది. సాలు మాత్రం ఒక్కటే, తిన్నగా సాగుతుంది. భారం సమంగా లేకున్నా పని ఉమ్మడిగా నడవగలదని ఆ జానెడు జరుపు చూపిస్తుంది.

అవే పల్లెల్లో సంకల్పం లేని పంపకం కూడా ఉంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది నల్లరేగడి చేలల్లో నెలల తరబడి నిలబడే పంట. పూతకాలంలో ఒకరు చేను చూసుకోకపోతే కాయతొలుచు పురుగు గట్టు దాటి పక్క చేలోకి పోతుంది. పక్క రైతు ఏ ఒప్పందమూ చేసుకోలేదు, అయినా నష్టం అతనిది. అసలైన అకృతాభ్యాగమం ఇది. దీన్ని పూర్వజన్మ మీదికి నెట్టి ఊరుకోవడం సులువే గానీ, అలా ఊరుకుంటే గట్టు ఇవతలివాడి బాధ్యత మాయమైపోతుంది.

ఇంతకన్నా బరువైన ఉదాహరణ అప్పు. హైదరాబాద్ సంస్థానంలో భగేలా పద్ధతి కింద పెళ్లికో తిండికో దొర దగ్గర డబ్బు తీసుకున్న కూలి, అది తీరేదాకా అతని పొలంలో పనిచేయవలసి వచ్చేది. తీరకముందే తండ్రి పోతే కొడుకు కాడి కిందికి వచ్చేవాడు. తండ్రి వేలిముద్రే కొడుక్కు సంకల్పమైంది. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాలను అదుపు చేస్తూ నిబంధనలు తెచ్చింది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో దేశమంతటికీ వచ్చింది. తండ్రి రుణం తీర్చడం కొడుకు ధర్మమన్న శాస్త్రవిధిని ఆధారం చేసుకుని కొడుకుల మీద, మనవల మీద దావా వేసే హక్కును 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం తీసేసింది. తండ్రి ఆస్తిని చేయి చాచి అందుకున్నవాడు మాత్రం ఆ ఆస్తి మేరకు అప్పిచ్చినవారి లెక్కకు ఇప్పటికీ నిలబడాలి.