ఇంటిగుట్టు

రోగి తన దేహమును వైద్యునికి నమ్మి యప్పగించును. భువనగిరికి సమీపమున బీబీనగరమందలి అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థలో 2019 నుండి వైద్యవిద్య గఱపబడుచున్నది. అచ్చటి యువతీయువకులు శాస్త్రముతోపాటు నేర్వవలసినది ఈ నమ్మకమును నిలుపుటయే. శాస్త్రమొక్కటే చాలదనుటకు జర్మనీ దేశీయుడగు జోసెఫ్ మెంగెలే చరిత్రమే సాక్ష్యము.

ఇతడు రెండు శాస్త్రములలో డాక్టరు పట్టమందినవాడు. 1943 మే మొదలు 1945 జనవరి వఱకు ఆష్విట్స్ నిర్బంధశిబిరమున వైద్యుడుగా నుండి, రైళ్లనుండి దింపబడిన యూదులలో పనికి పోవలసిన వారిని, విషవాయువుచే చావవలసిన వారిని చేతిసైగతో వేఱుపఱచెను. కవలపిల్లలపై క్రూరప్రయోగములు చేసెను. యుద్ధానంతరమున అమెరికా సైనికులకు చిక్కియు, గుర్తింపబడక విడువబడెను. 1949లో అర్జెంటీనాకు, పిదప పరాగ్వే, బ్రెజిలు దేశములకు జేరి, 1979 ఫిబ్రవరిలో సముద్రమున ఈదుచు మరణించెను. అన్యుని పేర పూడ్చబడెను. 34 సంవత్సరములు న్యాయస్థానపు గడప త్రొక్కలేదు.

ఒంటరివాడు ఇన్నాళ్లు దాగగలడా? స్వదేశమందలి కుటుంబము అతనికి ధనము పంపుచుండెను. 1977లో కుమారుడు బ్రెజిలునకు పోయి చూడగా, తండ్రి పశ్చాత్తాపమేమియు చూపలేదు. అయినను కన్నతండ్రిని పట్టియీయలేక కుమారుడు మిన్నకుండెను. 1985 ఫిబ్రవరిలో, బ్రతికి మిగిలిన కవలలు యెరూషలేమున గూడి, ఆనాటి బాధలను కన్నీటితో చెప్పిరి. అతడు చచ్చి ఆఱేండ్లయిన సంగతి వారెఱుగరు. ఆ కుటుంబ మెఱుగును.

ఆ కుమారుని నిందించుట సులభము. మన మాటయేమి? “ఇంటిగుట్టు లంకకు చేటు” అని పిల్లలకు బోధించి, విభీషణునే వేలెత్తి చూపుచున్నాము. లంకను చెఱచినది విభీషణుని మాటయా, రావణుని చేతయా? కోడలిని కొట్టిన కొడుకును దాచు తల్లియు ఈ సామెతనే చెప్పును.

పితృభక్తిని విడువుమనుట లేదు. నేరస్థుడైన తండ్రికి అన్నము పెట్టవచ్చును. చెఱసాలకు పోయి పలుకరింపవచ్చును. అతనికొఱకు వకీలును కుదుర్పవచ్చును. కాని బాధితునకు చెందవలసిన న్యాయమును మన యింటి సొత్తువలె పెట్టెలో దాచుకొను హక్కు మనకు లేదు. క్షమించు నధికారము దెబ్బతిన్నవానిది, బంధువుది కాదు.

1985 మేలో కొన్ని యుత్తరములు పోలీసులకు దొరకగా, జూనులో సమాధి త్రవ్వబడెను. ఆ యెముకలు మెంగెలేవే యని 1992లో జన్యుపరీక్షవలన నిశ్చయమయ్యెను. పోల్చి చూచుటకు రక్తమిచ్చినవాడు ఆ కుమారుడే. నోరు చెప్పని సాక్ష్యమును నెత్తురు చెప్పెను. కాని యప్పటికి బోనులో నిలువవలసినవాడు మిగులలేదు.