నాటకశాలలో దీపం

"లోకమంతా నాటకం, ప్రేక్షకుడిలా చూస్తూ కూర్చో" అని ప్రవచనాల్లో తరచూ చెబుతారు. పరిషత్తు నాటకాలకు ఏళ్ల తరబడి లైటింగ్ చేసినవాణ్ణి, ఆ మాట నాకు మింగుడుపడదు. ప్రేక్షకుడు ఊరికే ఎప్పుడు కూర్చున్నాడు గనక? కాటిసీనులో పద్యం కుదిరితే "వన్స్‌మోర్" అని కేకేస్తాడు. హరిశ్చంద్రుడు తన శోకాన్ని అక్కడే ఆపి, పద్యం మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటాడు. నాటకం నడకనే మార్చేవాణ్ణి సాక్షి అని ఎలా అంటాం?

విద్యారణ్యుల పేరున్న పంచదశిలో పదో ప్రకరణం నాటకదీపం. అందులో అహంకారం ప్రభువు, విషయాలు సభ్యులు, బుద్ధి నర్తకి, ఇంద్రియాలు తాళం వేసేవాళ్లు. సాక్షి వీళ్లెవరూ కాదు, దీపం. ప్రభువునూ, సభ్యులనూ, నర్తకినీ అది తేడా లేకుండా వెలిగిస్తుంది. వాళ్లంతా లేచి వెళ్లిపోయినా వెలుగుతూనే ఉంటుంది. అంటే ప్రేక్షకులను కూడా కనబడేవాళ్ల లెక్కలోనే వేశారు. ఈ సంగతిని మనం చదువుతూ చదువుతూ దాటేస్తున్నాం. హాల్లో లైట్లు ఆర్పే అలవాటు దీనికి కొంత కారణమని నా నమ్మకం. నేను చేసిన పనీ అదే: జనాన్ని చీకట్లో ఉంచి, స్పాట్ ఒక్క మొహం మీద వేయడం. ఆ చీకట్లో కూర్చున్నవాడికి తాను కథకు బయట ఉన్నాననిపిస్తుంది. నూనెదీపాల సభలో పక్కవాడి కన్నీళ్లు కూడా కనబడతాయి.

ఈ ప్రకరణం చదివితే నాకు మద్రాసులోని విక్టోరియా పబ్లిక్ హాలు గుర్తొస్తుంది. సెంట్రల్ స్టేషనుకు దగ్గర్లో, రిప్పన్ బిల్డింగు పక్కన ఉన్న ఎర్ర కట్టడం. 1883లో దానికి పునాదిరాయి వేసింది మన విజయనగరం మహారాజు ఆనంద గజపతి. తర్వాతి రోజుల్లో గురజాడ 'కన్యాశుల్కం' అంకితమందుకున్న ప్రభువు ఆయనే. ప్లాను గీసింది చిజమ్, కట్టించింది నంబెరుమాళ్ చెట్టి. రాణిగారి స్వర్ణోత్సవం వచ్చేసరికి హాలుకు ఆమె పేరు పెట్టారు.

1891లో బళ్లారి నుంచి సరసవినోదిని సభవారు వచ్చి ఆ హాల్లో తెలుగు నాటకాలాడారు. సభకు పెద్ద దిక్కు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. వృత్తికి ప్లీడరు, రాసేది నాటకాలు, వేసేది వేషాలు. చూడవచ్చిన వాళ్లలో పద్దెనిమిదేళ్ల తమిళ కుర్రవాడు పమ్మల్ సంబంధ మొదలియార్ ఉన్నాడు. నాటకమంటే అతనికి అప్పటిదాకా చిన్నచూపు. వకీళ్లు, సర్కారు ఉద్యోగులు రంగు పూసుకుని నిలబడటం చూసి అతని మనసు తిరిగిపోయింది. అదే ఏడాది జులైలో స్నేహితులతో కలిసి సుగుణ విలాస సభ పెట్టాడు. తమిళ నాటకానికి పెద్ద మలుపు అది, దాని వేరు మన బళ్లారిలో ఉంది. ఈ మాట చెప్పుకోవడానికి నాకు గర్వంగానే ఉంటుంది. ధర్మవరం వారి మేనల్లుడు, స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టిన బళ్లారి రాఘవ, తర్వాత ఆ తమిళ సభవారితోనూ నటించాడు.

బెంచీ మీది సభ్యుడు కొద్ది నెలల్లో వేదికెక్కాడు. పునాదిరాయి వేసిన ప్రభువు వెళ్లిపోయాడు, పేరిచ్చిన రాణీ వెళ్లిపోయింది. చోట్లు మారేవాళ్లలో ప్రేక్షకుడూ ఒకడు. సాక్షిని అతనిలో వెతికితే దొరకదు. దీపానికి నూనె పోసే చెయ్యి కావాలి, సాక్షికి అక్కర్లేదు. పోలిక అక్కడితో సరి.

మా సమాజంలో చంద్రమతి వేషం కట్టే అమ్మాయి ఒకసారి అడిగింది: "ఏడుపు అంటని దీపంతో నాకేం పని మాస్టారూ? అది రాయితో సమానం కదా?"

కష్టమైన ప్రశ్న. నాకు తోచింది చెప్పాను. "లోహితుణ్ణి ఒళ్లో పెట్టుకుని నువ్వు ఏడుస్తున్నావని నీకు తెలుస్తోంది కదమ్మా. రాయికి అది తెలియదు. ఆ తెలివి కూడా ఏడుపులో కొట్టుకుపోతే, ఏడుస్తున్నానని చెప్పేదెవరు?"

"మరి ఏడుపెవరిది?"

"నర్తకిది. ఆమె ఏడవకూడదని పంచదశి ఎక్కడా అనలేదు."