ఉప్పు ఋణం

గోల్‌మురిలోని తెలుగువారిని "మీ ఊరేది?" అని అడిగితే జవాబు రెండు మెట్లుగా వస్తుంది. మొదట శ్రీకాకుళం వైపు ఒక పల్లె పేరు చెబుతారు. పిమ్మట, "మేము పుట్టినది మాత్రం ఇక్కడే" అంటారు. 1920లో స్థాపితమైన టిన్‌ప్లేట్ కంపెనీ ఈ పేటను పోషించినది. ఆ కొలుముల యెదుట చెమటోడ్చిన తాతలకు ఊరు ఒక చోట, కూడు ఒక చోట. అయితే ఆ రెంటి నడుమ దేశపు సరిహద్దు లేదు గనుక, "నీవు ఎవరివాడవు?" అని ఏ ప్రభుత్వమూ వారిని నిలదీయలేదు.

ఆ ప్రశ్న ఇప్పుడు మనుమలకు ఎదురగుచున్నది. నేనెరిగిన ఒక వృద్ధ కార్మికుని కొడుకు సింగపూరులో ఇంజనీరు. భార్యాబిడ్డలతో అక్కడ శాశ్వత నివాసపు హక్కు పొందినాడు. అతని కుమారునికి పదహారున్నర యేండ్లు నిండగానే సైనిక నమోదుకు తాఖీదు వచ్చినది. 1967 నుండి ఆ ద్వీపంలో నిర్బంధ సైనిక సేవ అమలులో ఉన్నది. 1970 నాటి చట్టం పౌరులనే గాక శాశ్వత నివాసులను కూడా అందులో చేర్చినది. ఉద్యోగార్థియై వచ్చిన తండ్రికి సాధారణంగా ఈ విధి వర్తించదు. ఆయన వెంట వచ్చి ఆ హక్కు పొందిన కొడుకుకు వర్తిస్తుంది. రెండేండ్లు పూర్తి సేవ. ఆ తరువాత నలుబది యేండ్ల వయస్సు వరకు, అధికారి అయినచో ఏబది వరకు, పిలిచినప్పుడల్లా వెళ్ళవలసినదే.

"వాడి జేబులో ఉన్నది మన సింహాల పాస్‌పోర్టు కదా బాబూ, వాళ్ళ తుపాకి వీడెందుకు మొయ్యాలి?" అని ముసలాయన నన్నడిగినాడు.

మన రాజ్యాంగం తొమ్మిదవ అధికరణం ద్వంద్వ పౌరసత్వానికి తావివ్వలేదు. స్వేచ్ఛగా పరదేశ పౌరసత్వం స్వీకరించినవాడు భారత పౌరుడు కాడు. కనుక ఈ బాలునిది సగం చిక్కు మాత్రమే. నిండు చిక్కు థాయిలాండు యువకులది. అచ్చట 1954 నాటి చట్టం ప్రకారం ప్రతి ఏప్రిల్‌లోను ఇరువది యొక్క యేండ్ల యువకులు చీట్లు తీస్తారు. ఎరుపు వచ్చినవాడు సైన్యానికి, నలుపు వచ్చినవాడు ఇంటికి. వేరొక దేశంలో పుట్టి పెరిగి, ఆ భాషను తల్లి నోటి జోలపాటగా మాత్రమే ఎరిగినవాడు కూడా, స్వదేశపు పట్టికలలో పేరున్నచో, ఆ పిలుపుకు లోబడవలసినవాడే. ఇట్టివారిని ఉద్దేశించియే 1930లో హేగ్ నగరంలో ఒక ఒప్పందం కుదిరినది: రెండు జాతీయతలు గలవాడు ఏ దేశంలో నివసిస్తూ నిజమైన అనుబంధం కలిగి ఉన్నాడో, ఆ దేశం తప్ప రెండవది అతనిని సైనిక విధికి నిర్బంధించరాదు. మాట న్యాయమైనదే. కాని అందులో చేరిన దేశాలు కొద్దియే.

తెలుగు పాఠకునికి ఇచ్చట కర్ణుడు గుర్తుకు రాక మానడు. ఉద్యోగపర్వంలో మొదట కృష్ణుడు, పిదప కుంతి, అతనికి జన్మరహస్యం చెబుతారు. రక్తం ఒక వైపు, తిన్న ఉప్పు ఒక వైపు. అతడు ఉప్పునే ఎంచుకొన్నాడు. ఎంచుకొని కూడా, అర్జునుడు తప్ప మిగిలిన నలుగురిని చంపనని తల్లికి మాట ఇచ్చినాడు. ఆ నిర్ణయం ఘనమైనదే. అయితే అది పెరిగి పెద్దవాడై, అంగరాజ్యమేలి, సంగతి అంతా విన్న తరువాత చేసినది. మన బాలునికి పోలిక కర్ణునిలో కంటె శల్యునిలో ఎక్కువ. మేనల్లుళ్ళకు తోడు బయలుదేరిన శల్యుడు దారి పొడవునా పందిళ్ళలో విందులు ఆరగించినాడు. అవి ధర్మరాజు వేయించినవని తలచినాడు. తీరా చూస్తే దుర్యోధనుడివి. తిన్న తరువాత యుద్ధం తప్పలేదు. బిడ్డ తినేది కూడా అట్టి అన్నమే. పందిరి ఎవరిదో ఎంచుకొన్నవారు తల్లిదండ్రులు.

సోక్రటీసు చెరసాల నుండి పారిపోవుటకు నిరాకరించినప్పుడు చట్టాల పక్షాన చూపిన హేతువు ఇదే: యుక్తవయస్కునికి నగరం తలుపు తెరిచి ఉంచినది, ఇష్టం లేనివాడు వెళ్ళిపోవచ్చును, డెబ్బది యేండ్లు ఉండిపోయినవాడు ఒప్పుకొన్నట్లే. పదునెనిమిదేండ్లవానికి ఆ తలుపు ఇంకా తెరువబడలేదు. సేవ చేయక నివాసపు హక్కు వదలుకొన్నచో, మరల చదువుకో కొలువుకో రాదలచిన నాడు అది అతనికి అడ్డు వస్తుంది. మనస్సాక్షి పేర నిరాకరించువానికి అచ్చటి చట్టం మినహాయింపు నీయదు. బలరామునివలె తీర్థయాత్రకు పోవు దారి లేదు.

ఇంతవరకు నేను ముసలాయన పక్షమే. కాని అదే బడిలో, అదే బల్ల మీద కూర్చున్న పొరుగింటి బిడ్డ మాట ఏమి? వాడు రెండేండ్లు ఎండలో కవాతు చేస్తూ ఉండగా, వీడు అదే నగరపు భద్రతలో చదువు ముగించి ముందుగా కొలువు సంపాదించుట తగునా? కృతజ్ఞతకు నేను తలవంచను. ఈ ప్రశ్నకు వంచుతాను. పరదేశంలో పెరిగిన థాయి యువకుని యెడల ఈ ప్రశ్న పుట్టదు. అతడు ఆ గోడ చాటున నిద్రించినవాడు కాడు. అందుచేత అతనిపై ఆ దేశానికి గల అధికారం నాకు బలహీనంగా తోస్తున్నది. ఈ బాలునిపై సింగపూరుకు గల అధికారం కొంత బలమైనదే.

మనకు తీర్పులు చెప్పుట సులభం. మన రాజ్యాంగంలోని ఇరువది మూడవ అధికరణం ప్రజాప్రయోజనార్థం నిర్బంధ సేవకు అవకాశమిచ్చినా, స్వతంత్ర భారతం ఎన్నడూ నిర్బంధంగా సైనికులను చేర్చుకొనలేదు. మన పిల్లలకు బదులు మంచు కొండల మీద పేదవాని కొడుకు నిలబడి ఉన్నాడు. వారిలో 1947 నాటి త్రైపాక్షిక ఒప్పందం మేరకు మన సైన్యంలో చేరుతూ వచ్చిన నేపాల్ పౌరులు కూడా ఉన్నారు. వారు ఎవరి తుపాకి మోస్తున్నారని గోల్‌మురిలో ఎవరూ అడుగరు.

మనుమడు నమోదు చేసుకొన్నాడు. ఆ పత్రం ఫొటో తాతకు ఫోనులో పంపినాడు. జాతీయత అన్న గడిలో "ఇండియన్" అని వ్రాసి ఉన్నది. ముసలాయన కళ్ళజోడు సవరించుకొని ఆ ఒక్క మాటను పెద్దదిగా చేసి చూచినాడు, నాకు చూపినాడు.