టీకా, కూలి, కరుణ



2021లో మా పట్టణంలో కాంట్రాక్టు కింద వీధులు ఊడ్చే ఒక అక్కకి మస్టర్ ఆపేశారు. కారణం, కరోనా టీకా వేయించుకోలేదని. "కాగితం చూపించు, అప్పుడు చీపురు పట్టు" అన్నాడట మేస్త్రి. సంగతి తెలిసి నేను ఆమె ఇంటికెళ్ళి గట్టిగానే మాట్లాడాను. "22 ప్రతిజ్ఞలు తీసుకున్నాం, ఇంకా ఈ మూఢనమ్మకాలేంటి అక్కా?" అన్నాను.

"నమ్మకం కాదు తమ్ముడూ. మా వీధిలో సూది వేయించుకున్నోళ్ళు రెండ్రోజులు జ్వరంతో పడుకున్నారు. నేను పడుకుంటే ఆ కూలి ఎవరిస్తారు?" అందామె.

నా దగ్గర సమాధానం లేదు.

పనిచోట టీకా తప్పనిసరి చేయొచ్చా అని ఆ రోజుల్లో దేశమంతా వాదించుకుంది. మేఘాలయలో దుకాణదారులు, టాక్సీ డ్రైవర్లు టీకా వేయించుకుంటేనే పని మొదలుపెట్టాలని అధికారులు ఆదేశాలిచ్చారు. 2021 జూన్‌లో అక్కడి హైకోర్టు, టీకా అవసరమే గానీ బలవంతం చేసి బతుకుతెరువు తీయకూడదంది. టీకా వేయించుకున్నవాళ్ళు ఆ సంగతి బోర్డు పెట్టుకోవాలని, ప్రజలు చూసి నిర్ణయించుకుంటారని చెప్పింది. 2022 మే 2న సుప్రీంకోర్టు కూడా ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని, శరీరంపై హక్కు రాజ్యాంగం 21వ అధికరణలో ఉందని తీర్పిచ్చింది. అయితే ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం హేతుబద్ధమైన పరిమితులు పెట్టొచ్చని కూడా చెప్పింది.

కోర్టు మాట సరే, ధమ్మం ఏమంటుంది?

టీకా వద్దనేవాళ్ళు కొందరు కాలామ సుత్తం చూపిస్తారు. ఎవరో చెప్పారని నమ్మొద్దన్నాడు కదా బుద్ధుడు, అంటారు. నిజమే. మరి వాట్సాప్‌లో వచ్చింది నమ్మడం కూడా ఎవరో చెప్పింది నమ్మడమే కదా? ఏది మేలు చేస్తుందో, ఏది కీడు చేస్తుందో పరీక్షించి చూడమనడమే ఆ బోధ. పరీక్షిస్తే తేలింది ఇది: కరోనా టీకా వ్యాప్తిని పూర్తిగా ఆపకపోయినా, ప్రాణం మీదకి రాకుండా చాలామందిని కాపాడింది. కాబట్టి వేయించుకోవడమే వివేకం. రోగుల్ని ముట్టుకుని పనిచేసేవాళ్ళకి ఆ బాధ్యత ఇంకా ఎక్కువ.

కానీ బుద్ధుడు ఎక్కడ మొదలుపెట్టాడు? దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది అని మొదలుపెట్టాడు. కారణం అడక్కుండా శిక్ష వేయలేదు. విరేచనాలతో తన మలంలోనే పడివున్న భిక్షువును మిగతావాళ్ళు పట్టించుకోకపోతే, బుద్ధుడే ఆనందుడితో కలిసి కడిగాడు. ముందు, నీకేమైంది, నిన్ను చూసేవాళ్ళు లేరా అని అడిగాడు.

మా అక్కని ఎవరు అడిగారు? పర్మినెంట్ ఉద్యోగికి జ్వరమొస్తే సెలవుంది. ఆదేశం మీద సంతకం పెట్టిన అధికారికీ సెలవుంది. చీపురు పట్టే మనిషికి లేదు. ఆ చీపురు ఏ కులాల చేతికి వచ్చిందో మీకు నేను చెప్పాలా? నియమం అందరికీ ఒకటే అంటారు. దాని బరువు మాత్రం అందరి మీదా ఒకేలా పడదు. బాబాసాహెబ్ మనకి సమతతో పాటు కరుణను, ప్రజ్ఞను కలిపి ఇచ్చింది ఇందుకే.

నా మాట ఇది. పనిచోట టీకా అడిగేవాళ్ళు ముందు జీతంతో రెండ్రోజుల సెలవివ్వాలి. భయం ఉంటే కూర్చోబెట్టి వినాలి. అప్పటికీ వద్దంటే వేరే పని చూపాలి. ఇవేవీ చేయకుండా కూడు తీసేయడం ధమ్మం కాదు. సమ్యక్ ఆజీవనం అంటే మన బతుకు కోసం ఎదుటివాడి బతుకు తీయకపోవడం కూడా.

మర్నాడే అక్కని టీకా కేంద్రానికి తీసుకెళ్ళాను. స్టాక్ లేదన్నారు. తిరగ్గా తిరగ్గా పదో రోజున దొరికింది. పదకొండు రోజుల కూలి పోయింది, ఇప్పటికీ రాలేదు. రెండ్రోజుల కూలికి భయపడిన మనిషి అన్ని రోజులు పస్తులుంది.

ఈసారి మీ వాడలో ఎవరైనా "వద్దు" అంటే, మూఢనమ్మకం అనేముందు "ఎందుకు?" అని అడగండి. నేను అడగలేదు. అందుకే చెబుతున్నాను.

నమో బుద్ధాయ. జై భీమ్.