నీ గోత్రమేమిటి నాయనా?

ఇంటర్వ్యూకు పిలుపు వచ్చిందంటే అచ్చంపేట చుట్టుపక్కల చాలా ఇళ్లలో మొదట వినిపించే మాట, ఉమామహేశ్వరం పోయి రావాలని. రంగాపూర్ దాటి నల్లమల కొండెక్కి, స్వామికి కొబ్బరికాయ కొట్టి, పాపనాశనం నీళ్లు నెత్తిన చల్లుకుంటారు. పిలుపు కాగితాన్ని స్వామి పాదాల దగ్గర పెట్టమని పూజారిని బతిమాలే తల్లులూ ఉంటారు. శ్రీశైలానికి తూర్పు ద్వారం త్రిపురాంతకం, దక్షిణ ద్వారం సిద్ధవటం, పడమటి ద్వారం మన పాలమూరు నేలలోదే అయిన అలంపురం. ఉత్తర ద్వారం ఈ ఉమామహేశ్వరమే. ద్వారం దగ్గర నిలబడి, లోపలికి వెళ్లే యోగ్యత ప్రసాదించమని అడగడం ఇక్కడివాళ్లకు తరతరాల అలవాటు. ఆ మొక్కు మంచిదే. మొక్కి కొండ దిగాక, ఇంటర్వ్యూకు మిగిలిన ఆ కొద్ది రోజుల్లో ఆ బిడ్డ తన లోపల ఏం సిద్ధం చేసుకోవాలి?

నిజానికి ఇంటర్వ్యూలు ఇప్పుడు తగ్గాయి. కేంద్ర ప్రభుత్వం కింది స్థాయి ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుంచే ఎత్తేసింది. తెలంగాణలో గ్రూప్-1, గ్రూప్-2 కొలువులకు 2022 నుంచి లేవు. సిఫారసులకు, పక్షపాతానికి తావుండకూడదని తీసుకున్న ఆ నిర్ణయాలు పేదింటి పిల్లలకు మేలే చేశాయి. అయినా సివిల్స్‌లో మొత్తం 2025 మార్కులకు 275 ఇంటర్వ్యూ గదిలోనే తేలతాయి. బ్యాంకు పీవో ఎంపికలో ఇంటర్వ్యూ ఉంది. ప్రైవేటు కంపెనీల్లో ఉద్యోగమంతా దాని మీదే నిలబడి ఉంటుంది. సివిల్స్ నోటిఫికేషన్ చదివితే ఒక సంగతి కనిపిస్తుంది. అది నిలదీసి అడిగే విచారణ కాదని, సహజంగా సాగే సంభాషణ అని, అందులో అభ్యర్థి నైతిక నిజాయితీని కూడా చూస్తారని అక్కడ స్పష్టంగా ఉంది. కోచింగ్ సెంటర్ల మెటీరియల్‌లో ఈ నిజాయితీకి ఎన్ని పేజీలు కేటాయిస్తున్నారో పిల్లలు ఒకసారి తిరగేసి చూడాలి.

ఎక్కడికి వెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే. మీ గురించి చెప్పండి. ఆ వెనకే, మీ నాన్నగారు ఏం చేస్తారు? మన పిల్లలు సబ్జెక్టు ప్రశ్నలకన్నా ఇక్కడే ఎక్కువగా తడబడతారు. పాలమూరు లేబర్ అనే మాట దేశమంతటా తెలుసు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి, ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను ఊళ్లో వదిలి, ఎక్కడెక్కడి ఆనకట్టలకో కాలువలకో మట్టి మోసినవాళ్ల పిల్లలు, మనుమలు ఇప్పుడు డిగ్రీలు చదివి ఇంటర్వ్యూ కుర్చీలో కూర్చుంటున్నారు. నాన్న వలస కూలీ అని చెప్పడానికి నోరు రాదు. వ్యాపారమనో, కాంట్రాక్టు పనులనో ఏదో ఒకటి అనేస్తారు. అన్న మరుక్షణం గొంతు సన్నబడుతుంది. తర్వాతి పావుగంటంతా ఆ ఒక్క మాటను కాపాడుకోవడానికే సరిపోతుంది.

ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయంలో ఒక పిల్లవాడికి సరిగ్గా ఈ ప్రశ్నే ఎదురైంది. గురుకులంలో చేరదామని బయలుదేరే ముందు తల్లిని అడిగాడు, అమ్మా, మన గోత్రమేమిటని. ఆమె దాచలేదు. పడుచుతనంలో నలుగురికీ సేవ చేస్తూ అక్కడా ఇక్కడా తిరిగే రోజుల్లో నువ్వు పుట్టావు, నీ గోత్రమేదో నాకు తెలియదు, నా పేరు జబాల, నీ పేరు సత్యకాముడు, కాబట్టి సత్యకామ జాబాలుణ్ణని చెప్పుకో అంది. ఆ తల్లి ధైర్యాన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. గురుకులంలో చేరాలంటే గోత్రం చెప్పుకోవలసిన కాలంలో, బిడ్డ చేతికి ఒక అందమైన అబద్ధం ఇచ్చి పంపడం ఎంత తేలిక! ఆమె వాడికి తన పేరిచ్చి పంపింది.

హారిద్రుమత గౌతముడు అడగనే అడిగాడు, నీ గోత్రమేమిటి నాయనా అని. సత్యకాముడు తల్లి చెప్పినదాన్ని అక్షరం మార్చకుండా అప్పజెప్పాడు. తల దించుకున్నాడని ఉపనిషత్తు ఎక్కడా అనదు. తల్లి మాట చెబుతూ సాకు వెతికాడనీ అనదు. గురువు అన్నాడు, బ్రాహ్మణుడు కానివాడు ఇలా చెప్పలేడు, సమిధలు తీసుకురా, నువ్వు సత్యం నుంచి తొలగలేదు కనుక నిన్ను చేర్చుకుంటాను అని. గోత్రం అడిగినవాడే చివరికి గోత్రాన్ని పక్కన పెట్టి సత్యాన్ని కొలతగా తీసుకున్నాడు. చేరిన వెంటనే పాఠమూ చెప్పలేదు. బక్కచిక్కిన నాలుగు వందల ఆవులను అప్పగించి అడవికి తోలుకుపొమ్మన్నాడు. ఇవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని వెళ్లినవాడికి ఎద్దు, అగ్ని, హంస, నీటికాకి బ్రహ్మవిద్యను నాలుగు భాగాలుగా చెప్పాయి. మందల వెంట నల్లమల అంచుల్లో తిరిగిన తాతలున్న ఇళ్లకు ఈ కథ మరీ దగ్గరది.

ఇంటర్వ్యూకు సిద్ధం కావడంలో మొదటి పని ఇదేనని నా గట్టి నమ్మకం. అద్దం ముందు కాదు, అమ్మానాన్నల ముందు కూర్చోవాలి. ఏ ఊరికి వలస పోయారు, ఏ కాలువ తవ్వారు, ఎప్పుడు తిరిగొచ్చారు, నన్ను చదివించడానికి ఏం అమ్ముకున్నారు అని అడగాలి. అడిగి, విని, దాన్ని గౌరవంగా నాలుగు వాక్యాల్లో చెప్పడం నేర్చుకోవాలి. ఆ నాలుగు వాక్యాలు నోటికి వచ్చిన రోజున, ఏ పెద్ద హోదా ఉన్నవారి ముందైనా కాళ్లు వణకవు.

ఊరి సంగతీ అంతే. అప్లికేషన్‌లో అచ్చంపేట అని రాశాక అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ గురించి అడుగుతారు. చెంచుల గురించి అడుగుతారు, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లింగమయ్య దగ్గరికి జనం ఎందుకు అంత కష్టపడి దిగుతారని అడుగుతారు. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో శాసనసభ ఎందుకు తీర్మానించిందో, ఈ చల్క నేలల్లో పల్లి పంట ఎలా నిలదొక్కుకుందో అడుగుతారు. వీటికి జవాబులు గైడ్లలో వెతికే పిల్లల్ని చూస్తే బాధేస్తుంది. మార్కెట్ యార్డులో పల్లి రాశి పక్కన నిలబడి ఒక రైతుతో మాట్లాడితే, మన్ననూరు దాకా పోయి ఒక చెంచు పెద్దమనిషి మాట వింటే వచ్చే తెలివిడి వేరు. శ్రీశైలం మల్లన్నను తమ ఇంటి అల్లుడిగా చెప్పుకునే ఆ చెంచులు మన పక్కనే ఉన్నారు.

ఇక మాట తీరు. హనుమంతుడు రాముణ్ణి మొదటిసారి కలిసిన ఘట్టాన్ని మాట నేర్పుకు ఉదాహరణగా అందరూ చెబుతారు. కిష్కింధాకాండ మూడో సర్గలో రాముడి ప్రశంసే అందరికీ గుర్తుంటుంది. వేదాలు, వ్యాకరణం బాగా చదివినవాడే ఇలా మాట్లాడగలడని, ఎక్కువ మాట్లాడినా ఒక్క తప్పు మాట దొర్లలేదని, ముఖంలో, కనుబొమల్లో ఏ వికారమూ లేదని, సాగదీయకుండా, తొందరపడకుండా మధ్యమ స్వరంలో పలికాడని లక్ష్మణుడితో అంటాడు. ఆ ప్రశంసకు ముందు జరిగింది చాలామంది దాటేస్తారు. సన్న్యాసి వేషంలో వెళ్లిన హనుమ ఎవరు మీరని ఎంతో వినయంగా అడిగితే అన్నదమ్ములిద్దరూ పలకలేదు. నేనింతగా మాట్లాడుతున్నా మీరెందుకు పలకరని అడిగి, చిన్నబుచ్చుకోకుండా తన సంగతి తనే చెప్పాడు. నన్ను పంపింది సుగ్రీవుడు, ఆయన మీ స్నేహం కోరుతున్నాడు, నేను ఆయన మంత్రిని, వానరుణ్ణి, నా పేరు హనుమంతుడు, ఈ వేషం ఆయన కోసం వేసుకున్నది అని. తన మారువేషాన్ని తనే బయటపెట్టాడు. అంతా చెప్పి, ఇక ఒక్క మాటైనా మాట్లాడలేదని వాల్మీకి ప్రత్యేకించి రాశాడు. బోర్డు సభ్యులు మౌనంగా చూస్తుంటే కంగారుపడి చెప్పిందే చెప్పే పిల్లలు ఈ చోటును పదేపదే చదువుకోవాలి.

లేని అనుభవాన్ని ఉన్నట్టు కాగితాలు పుట్టించే దారి పట్నంలో కొందరు చూపిస్తారు. ఇంటి పరిస్థితి తరుముతుంటే ఆ దారి ఎంత లాగుతుందో తెలుసు. ఆ కాగితంతో చేరినవాడు ఎప్పుడు ఎవరు విచారిస్తారోనని రోజూ భయంతోనే ఆఫీసు మెట్లెక్కాలి. ఉమామహేశ్వరుడి పాదాల దగ్గర అలాంటి కాగితం పెట్టకండి.

తెలియనిది అడిగితే ఏం చేయాలి? ప్రశ్నోపనిషత్తులో సుకేశుడనే భారద్వాజుడు తనకు జరిగింది పిప్పలాద మహర్షికి చెప్పుకుంటాడు. కోసల రాజకుమారుడు హిరణ్యనాభుడు తన దగ్గరికి వచ్చి, పదహారు కళల పురుషుణ్ణి ఎరుగుదువా అని అడిగాడట. ఎరుగనన్నాడు సుకేశుడు. తెలిసి ఉంటే చెప్పకుండా ఎందుకుంటాను, అబద్ధమాడేవాడు వేరుతో సహా ఎండిపోతాడు, ఆ పని నావల్ల కాదన్నాడు. రాజకుమారుడు మౌనంగా రథమెక్కి వెళ్లిపోయాడు. సుకేశుడు అక్కడితో ఆ సంగతి మర్చిపోలేదు. సమిధలు పట్టుకుని మరో ఐదుగురితో పిప్పలాదుణ్ణి చేరి, ఆయన చెప్పినట్టు ఏడాది నియమంగా గడిపాడు. వాళ్లను ఆశ్రమంలో ఉంచుకునేటప్పుడు ఆ మహర్షి కూడా, మాకు తెలిస్తే తప్పక చెబుతామనే అన్నాడు. తన వంతు వచ్చినప్పుడు సుకేశుడు అడిగింది ఆ రాజకుమారుడి ప్రశ్నే. ఆ ఉపనిషత్తులో చివరిదైన ఆరో ప్రశ్న అదే.

కాబట్టి ఇంట్లో పెద్దలకు ఒక విన్నపం. పిల్లలు పట్నం నుంచి తిరిగొచ్చి అచ్చంపేట బస్టాండులో దిగేసరికి చాలా అలసిపోయి ఉంటారు. కొలువు వచ్చినట్టేనా అని ఆ పూటకు అడగకండి. అన్నం పెట్టి, ఏమడిగిన్రు బిడ్డా అనండి. జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలే వాళ్లు ముందుగా చెబుతారు. ఆ రాత్రే వాటిని ఒక నోటుబుక్కులో రాసిపెట్టించండి. తెల్లారి లైబ్రరీకి పోయేటప్పుడు ఆ బుక్కు వాళ్ల చేతిలో ఉండాలి.