త్యాగమా, బలియా? మూర్ఛ పరిశోధనలో మూగజీవి

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేలలో కనిపించే పురుగుమందు డబ్బాలపై విష తీవ్రతను తెలిపే రంగు త్రికోణం ఉంటుంది. ప్రయోగశాల జంతువులలో సగం చనిపోయే మోతాదే ఆ రంగును నిర్ణయిస్తుంది. నోటి ద్వారా ఇచ్చినప్పుడు అది కిలో శరీర బరువుకు 50 మిల్లీగ్రాములలోపు ఉంటే ఎరుపు. రైతుకు అందే హెచ్చరిక ఎలుక మరణంతో రాసినది.

ఆ విషం మనిషికి సోకినప్పుడు మళ్లీ ఎలుకే ఆధారం. 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసిన ఎండోసల్ఫాన్, మెదడులో ఉద్రేకాన్ని అణచే గాబా వ్యవస్థను అడ్డుకొని మూర్ఛలు తెస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్ విషాలూ తీవ్రమైతే మూర్ఛకు దారితీస్తాయి. మూర్ఛ ఆగకుండా సాగేకొద్దీ నాడీకణాల ఉపరితలంపై గాబా గ్రాహకాలు తగ్గి, డయజెపాం పట్టు సడలుతుంది. ఎన్‌ఎండిఏ గ్రాహకాల ప్రాబల్యం పెరుగుతుంది. 1962లో రూపొందిన మత్తుమందు కెటమిన్ ఈ రెండవవాటిని అడ్డుకుంటుంది. ఎలుకలలో అది తొలి నిమిషాలలో కంటే మూర్ఛ చాలాసేపు సాగిన తరువాతే ఎక్కువగా పనిచేసింది. ఈ సంగతి తెలియడానికి ఆ మూర్ఛలను అంతసేపు సాగనివ్వవలసి వచ్చింది.

ధర్మసందేహం ఇక్కడే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, శస్త్రచికిత్సతో కూడిన ప్రయోగాలను ‘వీలైనంతవరకు’ మత్తులో జరపాలంటుంది. మూర్ఛ పరిశోధనలో మత్తు మూర్ఛనే అణచివేయవచ్చు. బాధను తీర్చేదే ఫలితాన్ని చెరుపుతుంది. కరుణకూ జ్ఞానానికీ పొత్తు కుదరదు. మూర్ఛలో స్పృహ ఉండదు కనుక బాధ లేదనే వాదం, దానికి ముందూ వెనుకా ఉన్న భయాన్నీ, చివరకు పోయే ప్రాణాన్నీ లెక్కలోకి తీసుకోదు.

ప్రయోగానంతరం జంతువును చంపడాన్ని ప్రయోగశాల పరిభాష ‘శాక్రిఫైస్’ అంటుంది. తెలుగులో దానికి ‘త్యాగం’ సరిపోదు. పావురాన్ని కాపాడడానికి శిబి కోసి ఇచ్చింది తన మాంసం, అది త్యాగం. ఇతరుల శరీరాన్ని ఇవ్వడం బలి. ఎంత గొప్ప ప్రయోజనమైనా ఈ రెండింటి భేదాన్ని చెరపలేదు.

బలిని సమర్థించే మాట ‘అవసరం’. పుట్టుకతో మూర్ఛవ్యాధి ఉన్న బిడ్డ విషయంలో ఆ మాటకు బలముంది. కానీ విషం తెచ్చే మూర్ఛ విషయంలో అవసరాన్ని సృష్టించింది మనిషే. విషానికి రంగు నిర్ణయించడానికి ఒక ఎలుక, విరుగుడు వెదకడానికి మరొక ఎలుక చనిపోతున్నాయి. 1959లో రసెల్, బర్చ్ ప్రతిపాదించిన ప్రత్యామ్నాయం, తగ్గింపు, మెరుగుదల అనే మూడు సూత్రాలను సాధారణంగా ప్రయోగశాల గోడల లోపలే అన్వయిస్తారు. ఈ నేలలో తగ్గింపు చేనులోనే మొదలు కావాలి. పైరుపై పడే విషం తగ్గితే రైతుకూ ఎలుకకూ ఒకేసారి మేలు జరుగుతుంది. నివారించదగిన కారణాన్ని నివారించకుండా చెప్పే ‘అవసరం’ నైతిక సమర్థన కాజాలదు.